ఇమానాల బీడు, పద్దెనిమిది మేకలు

గుంత మీద ఏరోడ్రోమ్

నాపరాళ్ల గని నడిమధ్యన డకోటా విమానం దిగడానికి రన్‌వే వేసిన మనిషి కడప జిల్లాలో ఎవరని అడిగితే, ఆ ఘనత నాదే. పోటీకి ఇంకెవరూ రాలేదు. పొడవు, వెడల్పు, మట్టి రంగు, పక్కన రేకుల షెడ్డు, అన్నీ కొలత తప్పకుండా చేశాను. ఆ చోటికి మాత్రం ఒక్కసారి కూడా పోలేదు. పోతే నాలుగు వందలు జీపు బాడుగ. పోకుంటే మిగులు. రెండు నెలలు కుర్చీలోంచి లేవకుండా కట్టి, మిగిల్చిన నాలుగు వందల గురించి మా నాయనతో గొప్పలు చెప్పుకున్నాను కూడా. బెల్లం అంగట్లో గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. ఖర్చు తగ్గితే అదే తెలివి అనుకునే వంశం మాది.

నా పని ఏమిటో తెలియనివాళ్లకు రెండు ముక్కలు. కంప్యూటర్‌లో విమానం నడిపే ఏర్పాటు ఒకటుంది, సిమ్యులేటర్ అంటారు. నేర్చుకునేవాళ్లూ వాడతారు, సరదాకు నడిపేవాళ్లూ వాడతారు. విమానాన్ని ఎవరో చేసి పెడతారు. కింద కనిపించే నేల, కొండలు, రన్‌వే, షెడ్లు చేయడం మా పని. దాన్నే సీనరీ అంటాం. పదహైదేండ్ల పైన అదే చేశాను. ఇప్పుడు మానేశాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడుగుతుంటారు. అది మూడేండ్లకొకసారి మారుతుంది, నన్ను అడిగి లాభం లేదు. మారనివి నా తప్పులే. అందులో బాగా బలిసినదాన్ని ఎంచి చెప్తాను.

బేరమాడని మనిషి

రెండువేల ఆరో, ఏడో. ఎండాకాలం. అంగడి పైన గదిలో రెండు కంప్యూటర్లు, ఒక కూలరు పెట్టుకుని ఉన్నాను. పొద్దున ఇండ్ల ప్లాన్లు, మధ్యాహ్నం నుంచి సీనరీలు. ఒక పెద్దాయన మెట్లెక్కి వచ్చాడు. డెబ్బై దాటినా వీపు వంగలేదు. కమలాపురం దగ్గర పల్లె ఆయనది. పడుచు వయసులో డకోటా నడిపిన కెప్టెన్. ఊర్లో ఆయన పేరు ఎవరూ పలకరు, ఇమానం రెడ్డి అంటారు.

"శెట్టెమ్మా, ఇమానాల బీడు తెలుసునా?" అన్నాడు.

తెలుసు. కడపకూ కమలాపురానికీ నడుమ తుమ్మలు మొలిచిన బీడు. ఒకప్పుడు ఆడ మట్టి రన్‌వే ఉండేదనీ, చిన్న కంపెనీ ఒకటి వారానికి రెండుసార్లు విమానం నడిపేదనీ పెద్దవాళ్లు చెప్పేవాళ్లు.

"దాన్ని కంప్యూటర్‌లో మళ్ల కట్టాల. అప్పుడెట్ల ఉండెనో అట్లనే. ఎంతైతాది?"

పద్దెనిమిదికి దిగుదామని మనసులో పెట్టుకుని ముప్పై వేలు అన్నాను.

"సరే" అన్నాడు.

మా ఇండ్లల్లో పిల్లలకు దయ్యం కథలు చెప్పరు. చెప్పిన ధరకు "సరే" అన్న మనిషి కథ చెప్తారు, అది చాలు. ఆయనను మోసం చేసినట్టయిందని నోరు ఊరుకోలేదు. "చూసుకోండి సారూ, ఒక్క తప్పు దొరికినా ఒక్క రూపాయి వద్దు" అనేశాను. ఇది ప్రతి అంగట్లో ప్రతిరోజూ అనే మాటే. అనేవాళ్లు పాటించరు, వినేవాళ్లు నమ్మరు. ఈయన నమ్మాడు.

ఆ తర్వాత కూర్చుని కారణం చెప్పాడు. కంపెనీ ఆ సర్వీసును ఎత్తేసిన ఆఖరి రోజు, కింద పనిచేసే ఎనిమిది మందీ పూలదండలతో, ఉగ్గాని బజ్జీలతో ఆయన కోసం కాచుకుని ఉన్నారు. ఆయన పైనుంచి మూడు చుట్లు తిరిగి, దిగకుండా వెళ్లిపోయాడు. అంతే. మళ్లీ ఆ బీడుకు విమానం రాలేదు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో మాట ఇచ్చి ఎగ్గొట్టినవాణ్ని ఇప్పటికీ "రెడ్డి ఇమానం మాదిరి తిరిగి తిరిగి పోయె" అంటారట.

"ఎనిమిది మందిలో నలుగురు మిగిలినారు. వాళ్ల ముందర ఒక్కసారి దిగాల. అంతే నాకు కావాల్సింది."

"ఆ రోజు ఎందుకు దిగలేదు సారూ?"

"దుమ్ము" అన్నాడు, కూలరు వైపు చూస్తూ.

కొండ తప్పు చేతికి వచ్చింది

అప్పటికి ఉపగ్రహం తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో ఊరికే దొరకడం మొదలయింది. మా పక్క గదిలో ఫొటో స్టూడియో మస్తాను. పెండ్లి వీడియోలు తీసేవాడు, నాకు గోడల ఫొటోలూ రాళ్ల ఫొటోలూ తీసి పెట్టేవాడు. ఇద్దరం ఆ బీడు బొమ్మ మీద వంగి చూశాం. తెల్లగా, గీత గీసినట్టు, కిలోమీటరుకు పైగా ఒక పొడుగాటి బాట. "ఇదేనక్కా" అన్నాడు. "ఇంకేముంటుంది" అన్నాను. రెండు నెలలు కట్టాను.

కెప్టెన్ సారు పరీక్షకు వచ్చారు. జాయ్‌స్టిక్ పట్టుకోగానే చేతి వేళ్లల్లో వయసు పోయింది. కడప మీదుగా వచ్చి, పాపాఘ్ని ఏటి ఇసుక దాటి, కిందికి దించుతూ అడిగారు.

"శెట్టెమ్మా, కొండ యాడికి పోయె?"

"ఆడే ఉంది సారూ, ఎడమ పక్క."

"కుడిచేతికి గదా రావాల్సింది?"

ఆయన ఇంకొంచెం దించి, ముందుకు వంగి, తెరను వాసన చూస్తున్నట్టు చూశారు.

"ఇది రన్‌వే కాదమ్మా. నాపరాళ్ల గనికి పోయే బండ్లబాట. ఈ గుంత మా బామ్మర్దిది."

"అయితే లారీ ఎదురొస్తే హారన్ కొట్టే మీట కూడా పెట్టాలక్కా" అన్నాడు మస్తాను. వాణ్ని కొట్టడానికి నా దగ్గర స్కేలు తప్ప ఏమీ లేదు.

రాతిదుమ్ము పడి ఆ బాట తెల్లగా మెరుస్తోంది. అసలు రన్‌వే తుమ్మల కింద మాయమై పైనుంచి కనబడడమే లేదు. కెప్టెన్ సారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. లేచి, చెప్పులు వేసుకుని, "బాగనే ఉండాదమ్మా. మాది కాదు, అంతే" అన్నారు. మెట్లు దిగేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని దిగారు. వచ్చినప్పుడు పట్టుకోలేదు.

కర్నూలు సారు

ఈ తప్పు చేయడానికి నాకు హక్కు లేదు. ఎందుకంటే నాకు పని నేర్పినాయన కర్నూలులో ప్లాన్లు గీసే ఆఫీసు నడిపిన సారు. పిసినారి. ఆదివారం సెలవు అడిగితే గుండెపోటు వచ్చినట్టు మొహం పెట్టేవాడు. మా మీద అరవని పూట లేదు. ఒక బాస్‌గా ఆయనకు నేను పాస్ మార్కులు వేయను. కానీ ఆయన చెప్పిన ఒక్క మాట బంగారం: నేల తొక్కనివాడు గీత గీయకూడదు.

పనిలో చేరిన కొత్తలో నేను సైటుకు పోకుండా కాంపౌండు గోడ గీస్తే, అది పక్కింటివాళ్ల బావిలోంచి పోయింది. సారు నన్ను ఆ ఇంటికి తీసుకుపోయి, ఆ ఇంటామెతో "ఈ అమ్మి మీ బావిని పూడ్చేసింది, కాగితం మీద" అని చెప్పి, అదే బావి నీళ్లు ఒక చెంబెడు నా చేత తాగించాడు. నీళ్లు తియ్యగా ఉన్నాయి. పదేండ్లకు ఆ రుచి మరిచిపోయాను. పిల్లలూ, మీరు రాసి పెట్టుకోండి. ఉపగ్రహం అబద్ధం చెప్పదు, కానీ దానికి తెలుగు రాదు. ఏది బాట, ఏది రన్‌వే అని అది చెప్పదు.

ఓబుళమ్మ అడుగులు

మరుసటి ఆదివారం మస్తాను స్కూటరు మీద ఇమానాల బీడుకు పోయాం. తుమ్మల నడుమ ఒక పాత సిమెంటు అరుగు కనబడింది. దాని మీద ఎండుమిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. పక్కన కట్టె పట్టుకుని ఒకామె. అరవై దాటి ఉంటాయి.

"ఎవురమ్మే మీరు? సర్వేకొచ్చినారా?"

సంగతి చెప్పాను. ఆమె నా మొహం, కెమెరా, స్కూటరు వరసగా చూసి ఫక్కున నవ్వింది. ఆమె పేరు ఓబుళమ్మ. మిగిలిన నలుగురిలో ఒకరు. ఈ బీడులో ఆమె ఉద్యోగం, విమానం వచ్చే పూట రన్‌వే మీద మేకలనూ ఎనుములనూ తోలేయడం. దానికి నెలనెలా జీతం. అట్లాంటి ఉద్యోగం ఒకటుంటుందని ఏ పుస్తకంలోనూ నేను చదవలేదు.

"రన్‌వే యాడినుంచి యాడిదాకా ఉండె?" అని అడిగాను.

"సెప్పేదేంది, నడుచ్చా పా."

చెప్పులు విడిచి ముందు నడిచింది. ముండ్లలో ఆమె ఎట్ల నడిచిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు, నేను చెప్పులతో కూడా ఏడ్చాను. తుమ్మచెట్లు అడ్డమొస్తే చుట్టు తిరిగి, మళ్లీ అదే వరసలోకి వచ్చింది. నేల గట్టిగా, కంకర తగిలేచోట కాలితో తట్టి చూపించింది. కొండ కుడిచేతికి వచ్చింది. మస్తాను ఫొటోలు తీశాడు, నేను టేపు పట్టాను.

గాలి ఎటు వీస్తుందో చూపించడానికి అన్ని ఏరోడ్రోముల్లో ఒక గుడ్డ గొట్టం ఎగరేస్తారు. ఈడ ఎగరేసిన ప్రతిసారీ ఎవరో విప్పుకుపోయి సంచి కుట్టించుకునేవాళ్లట. అందుకని ఓబుళమ్మ పచ్చి శెనక్కాయ పొట్టు తగలబెట్టేది. పొగ ఎటు పోతే గాలి అటు. రెడ్డి పైనుంచి పొగ చూసుకుని, ఒకసారి కిందుగా వచ్చి మేకలను బెదిరించి, మళ్లీ చుట్టు తిరిగి వచ్చి దిగేవాడు. అదీ ఈ బీడు పద్ధతి.

"మ్యాకలు పెట్టినావా నీ కంప్యూటర్లో?" అంది.

"లేదవ్వా. శుభ్రంగా ఉంచాను."

"శుబ్బరంగానా? అయితే అది కమలాపురం బస్టాండు. మాది కాదు."

తిరిగి అరుగు దగ్గరికి వచ్చాక, మస్తాను స్కూటరు దగ్గరికి పోయిన సందు చూసి, గొంతు తగ్గించింది.

"నీకొకటి సెప్తా, రెడ్డికి సెప్పాకు. ఆ కడాకరి పొద్దు ఆయన దిగకపోయింది నా వల్ల. అందురు దండలు పట్టుకుని నిలబడినారు. నేనూ నిలబడితి. ఆడదాన్ని, నాకూ దండేయాలని ఉండదా? మ్యాకలను ఇడిసిపెడితి. నడిమధ్యన మందంతా పండుకోనుండె. ఆయన మూడుసార్లు తిరిగె, తోలేవాళ్లు లేక అవి లేయకపాయె. పాయె. ఊరంతా రెడ్డి మాట తప్పినాడనిరి. నేనూ అంటి, అందురికంటే గట్టిగా. ఇప్పుడుగూడ అంటాండా."

"ఎందుకవ్వా చెప్పలేదు?"

"ఒకదినం సెప్పకుంటే ఇంగ రెండోదినం సెప్పలేంలేమ్మే."

మేకల బేరం

మళ్లీ మొదటినుంచి కట్టాను. ముందు రంగు. అప్పట్లో సీనరీలకు తయారుగా దొరికే చెట్లూ గడ్డీ అన్నీ వేరే దేశాలవి, కండ్లు చెదిరే పచ్చన. వాటితో మన బీడు కడితే పెండ్లికి వేసిన పందిరి మాదిరి ఉంటుంది. పచ్చదనం తీసేసి, మస్తాను తీసిన ఎర్రమట్టి, నల్లకంకర, ఎండిన బోదగడ్డి పెట్టాను. ఎవరైనా మీ సీనరీ చూసి "ఎంత అందంగా ఉందో" అంటే భయపడండి. "అబ్బ, ఏం ఎండ" అంటే మీరు గెలిచినట్టు.

ఇక మేకలు. కంప్యూటర్‌కు ప్రతి మేకా బరువే. ఎక్కువైతే బొమ్మ తడబడుతుంది, విమానం గాలిలో కుంటుతుంది. అందుకని ఒక్కో మేకను రెండు అట్టముక్కలు అడ్డంగా గుచ్చినట్టు చేశాను. దూరం నుంచి మేకే. ఎన్ని పెట్టాలో ఓబుళమ్మను అడగడానికి మళ్లీ పోయాను.

"నలభై ఉండె" అంది.

"పది పెడతా."

"పదా! పది మ్యాకలకు కంపెనీవోళ్లు మనిషిని పెట్టుకుంటారా? నా ఉద్యోగానికే తలవంపు."

"పన్నెండు. మిషను మొయ్యదవ్వా."

"ముప్పైకి దిగుతా, నీ మొగం సూసి."

ఎండలో అరగంట ఆడాం. నా జీవితంలో అంత సంతోషంగా ఎప్పుడూ ఓడిపోలేదు. పద్దెనిమిదికి తెగింది.

కిందుగా వచ్చి బెదిరిస్తే మేకలు పోవాలి గదా. దానికి ఈ బుట్టలో దాచి ఆ బుట్టలో చూపించే అంగడి విద్య వాడాను. రన్‌వే మీద పద్దెనిమిది, పక్క చేలో పద్దెనిమిది. విమానం యాభై అడుగుల ఎత్తుకు దిగి పైనుంచి పోతే రన్‌వే మీదివి మాయం, చేనులోవి ప్రత్యక్షం. ప్రతిసారీ విమానం నడిపి చూసుకునే ఓపిక లేక, పరీక్షకు కీబోర్డు మీద ఒక మీట కూడా పెట్టుకున్నాను. నొక్కితే మేకలు పోతాయి.

మేకలు పెట్టినట్టు కెప్టెన్ సారుకు ముందే చెప్పాలా వద్దా అని వారం తన్నుకులాడాను. చెప్తే, ఎవరు చెప్పారంటారు. ఓబుళమ్మ మాట పోతుంది. చెప్పకపోతే, ఆయనను నలభై ఏండ్ల కిందట ఏది తరిమిందో దాన్నే నలుగురి ముందరా ఆయన మీదికి వదులుతున్నాను. మళ్లీ దిగలేకపోతే? చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు కట్టమన్నది ఆయనే.

కల్యాణ మండపం

కమలాపురంలో ఒక కల్యాణ మండపం. ముహూర్తాలు లేని రోజు, పొద్దున పది గంటలు. మస్తాను పెండ్లిండ్లకు వాడే ప్రొజెక్టరు, తెల్లగుడ్డ తెర. నలుగురు వస్తారనుకుంటే నూరుమంది వచ్చారు. వెనక ఉగ్గాని బజ్జీలు వేడివేడిగా. ముందు వరసలో మిగిలిన నలుగురు, ఓబుళమ్మ చేతిలో కట్టెతో సహా.

కెప్టెన్ సారు ఇస్త్రీ చొక్కా వేసుకుని జాయ్‌స్టిక్ ముందు కూర్చున్నారు. నేను పక్కన కీబోర్డు దగ్గర. పాపాఘ్ని దాటింది. కొండ కుడిచేతికి వచ్చింది. పొగ కనబడింది. "ఆహా" అన్నారు. అంతలో మేకలు కనబడ్డాయి. జాయ్‌స్టిక్ మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూడలేదు.

కిందుగా వచ్చారు. మేకలు కదల్లేదు.

ఎత్తు ముల్లు చూశాను. నూరు అడుగులు. రన్‌వే మీద ఓబుళమ్మ నిలబడి ఉండేది గనక, ఆమె తలకు భయపడి ఆయన ఎప్పుడూ నూరడుగులకు కిందికి వచ్చేవాడు కాదట. ఆ సంగతి నాకు తెలిస్తే గదా! అడగాల్సిన ఒక్క ప్రశ్నా అడగకుండా యాభై అని పెట్టాను.

రెండో చుట్టు. మేకలు అట్లే ఉన్నాయి. వెనక ఎవడో "రెడ్డి ఇమానం" అన్నాడు, నవ్వులు లేచాయి. మూడో చుట్టు. విమానం ముక్కు కొంచెం కొంచెంగా కడప వైపు తిరగడం మొదలయింది.

అప్పుడు ముందు వరసలోంచి ఓబుళమ్మ లేచింది. కట్టె ఎత్తి, తెర ముందుకు ఉరికి, "హేయ్! హో! హోహో! పోండి మీ ఇల్లు పాడుగాను!" అని గుడ్డ మీద బాదడం మొదలుపెట్టింది. ఆమె నీడ రన్‌వే మీద పడింది. మస్తాను తెర చిరుగుతుందని "అవ్వా, అవ్వా!" అంటూ స్తంభం పట్టుకున్నాడు. నూరుమందీ ఈలలు.

నేను మీట నొక్కాను. మేకలు చేనులోకి పోయాయి.

ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మేకలను తోలింది తానేనని ఓబుళమ్మ నమ్మింది. నా వరకు నేనూ అదే నమ్ముతాను, మీట ఆమె కట్టెకు సాయం పట్టింది, అంతే.

"ఇప్పుడు దిగు రెడ్డీ!" అని పక్కకు జరిగింది. విమానం ముక్కు మళ్లీ రన్‌వే వైపు తిరిగింది. చక్రాలు ఒకసారి తగిలి ఎగిరాయి, రెండోసారి తగిలి ఎగిరాయి, మూడోసారి నిలిచాయి. ఎర్రదుమ్ము లేచి, అరుగు పక్కన డకోటా ఆగింది. మండపం పైకప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. మిగిలిన నలుగురిలో ఒకరు, అప్పట్లో బీడులో వైర్‌లెస్ చూసుకున్న ముసలాయన, బజ్జీ పళ్లెం పక్కవాడి తల మీద పెట్టేసి చప్పట్లు కొట్టాడు.

కెప్టెన్ సారు లేవలేదు. ఓబుళమ్మ దగ్గరికి వచ్చి, కట్టె మీద ఆనుకుని నిలబడింది.

"రెడ్డీ, ఆ పొద్దు మ్యాకలను ఇడిసిపెట్టింది నేనే."

"తెలుసు" అన్నారు ఆయన.

"ఎట్ల తెలుసు?"

"ఎర్రచీర కట్టినావు గదా. పైనుంచి చూస్తే దండలోళ్లతో కలిసి నిలబడినావు. రన్‌వే మీద నువ్వు ల్యావు, మ్యాకలుండాయి."

"మల్ల ఎవురికీ సెప్పలేదే?"

"మ్యాకలని రాస్తే నీ ఆఖరి నెల జీతం ఆపేస్తారు. దుమ్మని రాసిచ్చినా."

అప్పుడు ఓబుళమ్మ నోట్లోంచి వచ్చిన తిట్టు ఈడ రాయడానికి లేదు. కడప జిల్లాలో అంత ప్రేమగా తిట్టగా నేను వినలేదు. ఉగ్గాని పళ్లెం తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, "సల్లారిపోతాది, తిను" అంది.

బిల్లు

మరుసటి రోజు కెప్టెన్ సారు అంగడి పైకి వచ్చి ముప్పై వేలు బల్ల మీద పెట్టారు. మేకలు నూరడుగులకు కదలలేదు, అది తప్పు, కాబట్టి నా మాట ప్రకారం ఒక్క రూపాయి కూడా రాదని నేను అన్నాను. ఆయన ముప్పై అంటే నేను సున్నా అన్నాను. ఆయన ఇరవై అయిదు అంటే నేను అయిదు అన్నాను. కింద అంగట్లో మా నాయన, కూతురు ధర తగ్గిస్తుంటే కొనేవాడు పెంచడం విని, ఒంట్లో బాగలేదని ఇంటికి పోయాడు. పదహైదు వేలకు తెగింది.

ఇక ఖర్చు. కరెంటూ జెనరేటరు డీజిలూ నాలుగు వేల రెండు వందలు. మేకల బరువు మోయడానికి కొన్న కొత్త గ్రాఫిక్స్ కార్డు ఆరు వేల అయిదు వందలు. స్కూటరు పెట్రోలు మూడు వందలు. మస్తానుకు ఫొటోలకూ ప్రొజెక్టరుకూ కలిపి మూడు వేలు. ఓబుళమ్మకు కొలతలు చూపించినందుకు పదహైదు వందలు, ఆమె అడగలేదు, నేను బేరమాడలేదు. మొత్తం పదహైదు వేల అయిదు వందలు. గని మీద కట్టిన రెండు నెలలకు ధర వేయలేదు, నా తప్పుకు నేను కూలి అడగకూడదు. రెండోసారి కట్టిన పనికి కూలి ముట్టలేదు.

అయిదు వందలు నష్టం. రెండుసార్లు కూడి చూశాను, అంతే వచ్చింది.